ఆదిలక్ష్మి అత్త ఎగ్జిబిషన్

నేను తెలివితక్కువవాణ్నని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలివితక్కువవాళ్లకు ఏదైనా అలాగే తెలుస్తుంది కాబట్టి అందులో నా ప్రత్యేకత ఏమీ లేదు. మొన్న గ్రహణానికి ముందురోజు మా అక్క కూతురు నా ఫోనుకు ఒక పొడుగాటి సందేశం పంపింది. ఆ పూట గర్భిణులు చెయ్యకూడని పనులన్నీ అందులో ఉన్నాయి. కత్తిపీట ముట్టకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, గోళ్లు కొరకకూడదు, తలుపు గడియ వెయ్యకూడదు, అటు ఒత్తిగిలకూడదు, ఇటు ఒత్తిగిలకూడదు. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ, దాని కింద "ఊరికే ఫార్వర్డ్ చేశా మావయ్యా, నేనేం నమ్మను" అని ఒక ముక్క. ఇంజనీరింగు చదివిన పిల్ల. అది నాకు పంపడంలో ఉన్న హాస్యం దానికి తట్టినట్టు లేదు. ఎందుకంటే నా చిన్నతనంలో, విశాఖపట్నం పోర్టు క్వార్టర్లలో, ఆ సందేశం నేనే. ఇంటింటికీ ఫోను లేని కాలం కాబట్టి అప్పట్లో సందేశానికి నిక్కరూ చొక్కా ఉండేవి. పిలిస్తే పరిగెత్తుకొచ్చేది. నోరు తెరవమంటే తెరిచేది. నా తెలివితక్కువతనం ఏమిటంటే, ఆ పని నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

పుట్టేటప్పటికే నా పై పెదవి రెండు పాయలై ఉంది. మేం గోదావరి జిల్లా వాళ్లం, పాయలుగా చీలడం మా వైపు కొత్తేమీ కాదు. పసితనంలోనే కుట్టించారు. కుట్టు బాగానే నిలిచింది గానీ, కొత్తగా పని నేర్చుకుంటున్న దర్జీ కుట్టిన మొదటి జాకెట్టులా ఒక పక్క పైకి పట్టేసింది. దాంతో పాటు ముక్కు కూడా ఆ పక్కకే వాలి, లోపల ఏం జరుగుతోందో తొంగి చూస్తున్నట్టు ఉండేది. అంగిట్లో చిల్లు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. మజ్జిగ తాగితే సగం కడుపులోకి, సగం ముక్కులోకి. పకారాలూ బకారాలూ పెదాల దాకా రాకుండానే ముక్కుదారి పట్టి మకారాలై బయటపడేవి. పప్పు వెయ్యమంటే "మమ్ము" అని వచ్చేది. బాబాయిని "మామాయి" అనేవాణ్ని. నాన్న తమ్ముడు ఒక్క పిలుపుతో అమ్మ తమ్ముడైపోయేవాడు. ఆయన గోదావరి నుంచి వచ్చినప్పుడల్లా, "అయితే మా అమ్మాయిని నీకే ఇచ్చెయ్యాలేంట్రా?" అని నవ్వేవాడు. ఇంట్లో వాళ్ల నవ్వు అంతే. దానికి పళ్లుండేవి కావు.

క్వార్టర్లలో మా జీవితమంతా ధూళితోనే గడిచేది. ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తే రోజు ఎర్రధూళి, బొగ్గు దించే రోజు నల్లధూళి. ఆరేసిన నాన్న పంచె చూసి ఆవేళ రేవులో ఏం పని జరుగుతోందో చెప్పొచ్చు. అమ్మ తెల్లారి లేచి నీళ్ల బిందె మీద మూత తుడిచేది, మూత మీద మూత పెట్టేది, అన్నం గిన్నె మీద తడిగుడ్డ కప్పేది. గాలి ఫిషింగ్ హార్బరు వైపు నుంచి తిరిగితే ఎండుచేపల వాసన వంటింట్లోకి వచ్చి కూర్చునేది. దేవుడి గూట్లో నాయనమ్మ వెలిగించిన అగరొత్తి ఆ వాసనతో పోట్లాడి, కాసేపటికి ఓడిపోయేది. నాయనమ్మ గోదావరి నుంచి వచ్చేటప్పుడు మూటలో ఊరగాయలతో పాటు ఒక కథ కూడా తెచ్చింది. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టిన పూట, ఎవరూ చూడకుండా అమ్మ ఆనపకాయ కోసిందట. తనకి చెప్పకుండా కోడలు చేసిన పనులన్నిట్లోకీ నాయనమ్మ బాగా గుర్తుపెట్టుకున్నది అదే. ఆవిడ ఆ కథ కుళాయి దగ్గర ఒక్కసారి చెప్పింది. మిగతాసార్లు ఆదిలక్ష్మి అత్త చెప్పింది.

ఆదిలక్ష్మి అత్త మా వరసలోనే ఉండేది. వాళ్లాయన రేవులో క్రేను డ్రైవరు. ఎలమంచిలి దగ్గర పల్లెటూరు వాళ్లది. క్వార్టర్లలో ఎవరికి నెల తప్పినా మొగుడికన్నా ముందు ఆవిడకి తెలిసేది. ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో, ఏ గుమ్మం తొక్కకూడదో ఆవిడే చెప్పేది. ఊరికే చెబితే ఈ కాలం ఆడపిల్లలు వినరని, ఋజువు చూపించడానికి మా ఇంటికి తీసుకొచ్చేది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పుస్తకాల సంచి దించేసరికి గుమ్మంలో గాజుల చప్పుడు, "ఇలా రా బావు" అనే పిలుపు. ఆవిడ పక్కన ఎవరో కొత్తావిడ, కొంగు బిగించి, కడుపు మీద చెయ్యి.

"నోరు తెరు. బాగా తెరు. అదీ. సూసినావామ్మా? పెదం సరే, కుట్టీసినారు. లోపల అంగిట్లో సిల్లు సూడు. గ్రహణం పూట కదిలితే ఇదిగో, ఇలగుంటాది. ఏటి?"

నేను వెలుతురు వైపు తిరిగి, తల వెనక్కి వాల్చి, నాలుక కిందికి నొక్కి పట్టుకునేవాణ్ని. ఏ కోణంలో బాగా కనిపిస్తుందో నాకు తెలుసు. కళాకారుడికి తన వేదిక తెలియాలి కదా. చూసినావిడ "రామ రామ" అని కళ్లు మూసుకుంటే ప్రదర్శన రక్తి కట్టినట్టు లెక్క. అయ్యాక అత్త చెంగు ముడి విప్పి ఒక పల్లీ ఉండ చేతిలో పెట్టేది. క్లాసులో మిగతా పిల్లల్లో ఒక్కడికీ ఉద్యోగం లేదు, నాకుంది. ఊరినిండా నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లుండగా, చూడ్డానికే నడిచొచ్చే జనం ఉండడం నాకు గొప్పగా అనిపించేది. గ్రహణశక్తి విషయంలో నాకు నిజంగానే గ్రహణం పట్టిందని ఇప్పుడు అనుకుంటాను.

క్వార్టర్లు దాటితే పల్లీ ఉండలు ఉండేవి కావు, ప్రశ్నలు మాత్రం ఉండేవి. సిటీ బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి నా గడ్డం పట్టుకుని, బజారులో కూరగాయ తిప్పి చూసినట్టు మొహాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బావు, పుట్టుకతోనేనా, యాక్సిడెంటా?" అనేవాడు. మంగలి అద్దంలోంచి చూస్తూ, షాపులో అందరికీ వినిపించేటట్టు, "మీసం వొస్తే కప్పడిపోద్దిలే" అని ఓదార్చేవాడు. నాన్నతో వెళితే నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ పిల్లాడు ఎవరి తాలూకో తనకీ తెలియదన్నట్టు కూర్చునేవాడు. మంచివాడే. కానీ ఆ చూపు ఆయనకి చేతనైన ఒకే ఒక్క సమాధానం. అమ్మతో వెళితే ప్రశ్న నన్ను దాటి పైకి వెళ్లేది. "ఏటమ్మా, గ్రహణమా? ఏటి కోసినావు?" వంకాయలెంత అని అడిగినంత మామూలుగా అడిగేవాళ్లు. అమ్మ టిక్కెట్టు మడతపెడుతూ, "అవునమ్మా, నేనే" అనేది. అంతకన్నా పొడుగు జవాబు ఆవిడ నోట నేను వినలేదు.

ఒక సాయంత్రం ఆదిలక్ష్మి అత్త తన సొంత కూతుర్నే తీసుకొచ్చింది. వరాలు అని, కిందటేడే పెళ్లైంది. నెల తప్పిందని అత్తవారింటి నుంచి తీసుకొచ్చేశారు. అందరికీ ఒకసారి చూపించే అత్త, కూతురికి మాత్రం రోజూ చూపించాలని నిర్ణయించుకుంది. మొదటిరోజు నేను మామూలుగానే నోరు తెరిచాను. వరాలు జాలిగా చూసి, "పాపం, సిన్న గుంటడు" అంది.

"ఈడికేటి తెలుసు, ఈడిది తప్పు కాదు" అంది అత్త. "సూడాల్సింది ఈడి మొగం కాదు. అదిగో, ఆ వంటింట్లో ఉన్నావిడిని సూడు. ఆనపకాయ మీద మనసైతే ఒక్క పూట ఆగనేకపోనాది. జిహ్వ ఆవిడిది, పెదం ఈడిది."

వరాలు చూపు నా చెవి పక్కనుంచి వెనక్కి వెళ్లింది. తెరిచిన నోరు తెరిచినట్టే నేనూ వెనక్కి తిరిగాను. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం ఏరుతూనే ఉన్నాయి, రాళ్లు లేని చోట కూడా. నేను నోరు మూశాను. ఇన్నాళ్లూ ప్రదర్శనలో పెట్టింది నన్ను కాదు. నేను దీపం పట్టుకుని నిలబడ్డవాణ్ని. చూపించింది అమ్మని. అందుకే క్వార్టర్లలో ఏ సీమంతానికీ అమ్మకి పిలుపుండేది కాదు. మర్చిపోయినట్టు నటించి, మర్నాడు స్వీటు పంపేవాళ్లు.

ఆ రాత్రి అన్నం తింటూ అడిగాను. "నిజంగా కోశావా అమ్మా?"

"కోశానేమోరా. రోజూ ఏదో ఒకటి కోస్తూనే ఉంటాం కదా. ఆవేళ గ్రహణమో కాదో నాకు గుర్తులేదు. మీ నాయనమ్మ గ్రహణమంది."

"కాదని చెప్పొచ్చు కదా అందరికీ?"

"చెబితే మానేస్తారా? ఇంకోటి వెతుకుతారు. ఇది తెలిసిన తప్పు. అలవాటైపోయింది. నువ్వు తిను."

నేను తినలేదు. అమ్మ నెత్తి మీంచి ఆ ఆనపకాయని దించాలని ఆ కంచం దగ్గరే పట్టుదల పట్టాను. ఎలా దించాలో తెలియదు. తెలివితక్కువవాడికి పట్టుదల కూడా తోడైతే ఏమవుతుందో చూడండి. గ్రహణం పట్టుకెళ్లిన పెదవిని తిరిగి ఇవ్వాల్సింది గ్రహణమే అని ఆలోచించాను. అరువు తీసుకున్నవాడి దగ్గరికే కదా వెళ్లి అడగాలి. పెదవి అతుక్కుపోతే తప్పు కొట్టేసినట్టే. అదృష్టవశాత్తూ ఆ ఏడాదే పెద్ద గ్రహణం వస్తోందని రేడియోలోనూ పేపర్లోనూ ఊదరగొడుతున్నారు.

ఆ పొద్దున క్వార్టర్లన్నీ తలుపులు బిగించుకున్నాయి. నాయనమ్మ ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందె మీద దర్భలు వేసి, జపమాల పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఆదిలక్ష్మి అత్త వాళ్ల గదిలో వరాలిని వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఒత్తిగిలకుండా తనే కాళ్లు పట్టుకు కూర్చుంటానని ముందురోజే అందరికీ చెప్పింది. నేను పెరటి తలుపు తీసుకుని, కుళాయి పక్కన, ఆరుబయట నిలబడ్డాను. వెలుతురు ఉతికి ఉతికి వెలిసిన పాత గుడ్డలా అయిపోయింది. కాకులు సాయంత్రమైందనుకుని అరుస్తూ ఎటో పోతున్నాయి. సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయన్నారు కాబట్టి కళ్లు గట్టిగా మూసుకుని, అందరికీ చూపించినట్టే, తల వెనక్కి వాల్చి నోరు పెద్దగా తెరిచాను. ఇన్ని ప్రదర్శనలిచ్చినవాణ్ని, ఆయన ఒక్కడికి చూపించలేనా?

దుప్పటి సందులోంచి అత్త కేక వినిపించింది. "ఒరే మొర్రోడా! లోపలికెల్లు! నా కూతురున్నాది ఇక్కడ! నీ మొగం ఇటు తిప్పకు!"

నేను కదల్లేదు. పెదవి మీద చురుక్కుమంటే అతుక్కుంటోందనుకున్నాను. అది చీమ. అమ్మ పరుగున వచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. ఎందుకు నిలబడ్డానో చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ వేలితో నా కుట్టు మీద ఒకసారి రాసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. గ్రహణం విడిచాక అద్దం దగ్గరికి పరిగెత్తాను. అద్దంలో నేనే ఉన్నాను.

ఎండలు ముదిరాక వరాలికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల పై పెదవి చీలి ఉంది.

ఎవరూ ఏమీ కొయ్యలేదు. వరాలు ఒత్తిగిలలేదు, సూది ముట్టలేదు, గోరు కొరకలేదు. ఆవిడ కాళ్లు పట్టుకు కూర్చున్నది సాక్షాత్తూ ఆదిలక్ష్మి అత్త. ఇంత కట్టుదిట్టంగా కాపలా కాసిన ఇంట్లోకి మొర్రి ఎలా వచ్చిందని కుళాయి దగ్గర ఆలోచనలో పడ్డారు. నిజంగా ఆలోచించినా బాగుండేది. కానీ బిందెలు నిండేలోపే జవాబు దొరికింది. గ్రహణం పూట ఆరుబయట ఎవడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు? నన్ను వరాలికి రోజూ సాయంత్రం ఎవరు చూపించారన్నది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

అత్త మా గుమ్మంలోకి వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. వరసలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. 

"నీ కడుపు నువ్వు కోసుకున్నావు, సాల్లేదేటి? నా కూతురి కడుపులో కూడా నీ కొడుకు సేత నోరెట్టించినావు! దుప్పటి సందులోంచి సూసీసింది నా తల్లి. ఆ పూట నీ కొడుకుని బయట నిలబెట్టింది నువ్వు కాదేటి? నీకొక్కదానికే ఉంటే ఏడుపని, మాకూ అంటించినావు!"

వింటున్నవాళ్లలో ఎవరో "అవునమ్మా, ఓర్వనేరు కొందరు" అన్నారు. నేను తలుపు వెనక, గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. గోడకీ ఒక మొర్రి ఉంటే అందులోకి దూరిపోదామన్నట్టు ఉంది. అమ్మ అంతా విని, చేతులు చెంగుకి తుడుచుకుని అడిగింది.

"పాలు తాగుతోందా అక్కయ్యా?"

"ఏటీ?"

"పిల్ల. పాలు తాగుతోందా?"

అత్త గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. తాగడం లేదని క్వార్టర్లలో అందరికీ వినిపిస్తూనే ఉంది. చీలిన పెదవికి చప్పరించే పట్టు దొరకదు. మొదట్లో గోడలు దాటి వినిపించిన ఏడుపు రోజురోజుకీ సన్నబడుతూ వచ్చింది. అది పూర్తిగా ఆగిన మధ్యాహ్నం అమ్మ అటక మీంచి నా ఉగ్గుగిన్నె దించి, బూడిదతో తోమి, మరిగించిన నీళ్లతో కడిగి, కొంగులో పెట్టుకుని బయల్దేరింది. నేను వెనకాలే నడిచాను. గుమ్మానికి అడ్డంగా అత్త నిలబడింది.

"మళ్లీ ఏటి అంటించడానికొచ్చినావు? నీ కొడుకు మొగం సూసే కదా నా మనవరాలికిలాగైనాది!"

"అలాగే అనుకో అక్కయ్యా" అంది అమ్మ. "నా కొడుకు వల్లే అనుకో. ముందు పాలు పట్టనీ."

నాకు ఆ క్షణంలో అమ్మ మీద వచ్చినంత కోపం ఆదిలక్ష్మి అత్త మీద కూడా రాలేదు. ఒక ఆనపకాయ దించాలని నేను తంటాలు పడుతుంటే, ఆవిడ ఇంకో మూట ఎత్తుకుంటోంది. లోపల నుంచి వరాలు ఏడుస్తూ, "రానియ్యే అమ్మా" అంది. అత్త అమ్మని పెరటి వైపు నుంచి రమ్మంది. నన్ను మాత్రం పిల్లకి కనపడకుండా గోడ అవతల కూర్చోమంది. అక్కడ కూర్చుంటే అమ్మ గొంతు వినిపించింది. "నిలువుగా పట్టుకో. పడుకోబెట్టి పట్టకు, ఉక్కిరిబిక్కిరవుతుంది. చెంప పక్కనుంచి, చుక్క చుక్క. ముక్కులోంచి వచ్చిందా? భయపడకు, ఆగు. మింగనీ. ఇప్పుడు పొయ్యి." అలా ఆ వేసవంతా వెళ్లింది. అమ్మ ఇలా పెరటి గుమ్మం దిగగానే, ఆవిడ చూస్తుండగానే, అత్త ఆ గుమ్మం పసుపునీళ్లతో కడిగేది. మర్నాడు అమ్మ ఆ కడిగిన గుమ్మం మీదుగానే లోపలికి వెళ్లేది. పిల్ల ఒళ్లు చేసింది, తర్వాత పెదవి కుట్టించారు. పాలు పట్టిందెవరో ఎవరూ చెప్పుకోలేదు. మొర్రి అంటించిందెవరో మాత్రం అందరూ చెప్పుకున్నారు.

నా ఉద్యోగం పోయింది. అంతకుముందు చూడ్డానికొచ్చినవాళ్లే ఇప్పుడు నేను ఎదురైతే కొంగు మొహం మీదికి లాక్కుని రోడ్డు దాటేవాళ్లు. కుళాయి దగ్గరికి నేను వెళితే నీళ్లు పట్టుకునేవాళ్లు "ఆగు, ఆగు, కడుపుతో ఉన్న కోడలొస్తాది, నువ్వు లోపలికెల్లు" అనేవాళ్లు. పిల్లలు దాన్ని ఆటగా మార్చుకున్నారు. నేను ముట్టుకున్నవాడు మొర్రోడు, వాడు ఇంకొకణ్ని ముట్టుకుని వదిలించుకోవాలి. నేను మాత్రం ఎవర్ని ముట్టుకున్నా నాకు వదిలేది కాదు. అది ఆట నియమం. చివరికి నాన్న గాజువాక వైపు అద్దె ఇల్లు చూశాడు. సామాను లారీ ఎక్కిన రోజున వీడ్కోలు చెప్పడానికి వరాలు ఒక్కతే వచ్చింది, అదీ పెరటి దారిన.

ఇప్పటికీ అప్పటికీ తేడా ఏమిటని అప్పుడప్పుడు లెక్క చూసుకుంటాను. ఇప్పుడు ఎవరూ గడ్డం పట్టుకుని తిప్పరు. ఏం కోశావని అడగరు. నాగరికత పెరిగింది. లిఫ్టులో ఎదురైతే ఒక్క చూపు చూసి, తప్పు చేసినవాళ్లలా ఫోనులో తలదూరుస్తారు. పిల్లాడు వేలెత్తి చూపిస్తే తల్లి వాడి వేలు విరిచేసినంత పని చేస్తుంది. మొన్నామధ్య బీచి రోడ్డులో ఒక కుర్రాడు స్నేహితుడి ఫోటో తీస్తున్నట్టు నటిస్తూ నన్ను తీశాడు. పాతరోజుల్లో మొహం మీద అడిగేవాళ్లు, మొహం మీదే సమాధానం చెప్పే అవకాశమైనా ఉండేది. ఇది బాగుందో అది బాగుందో తేల్చుకోలేను. గాయానికి గుడ్డ కట్టడానికీ, గుడ్డ కళ్లకి కట్టుకోవడానికీ తేడా ఉందని మాత్రం అనిపిస్తుంది. అప్పట్లో నాకు ఆ అవకాశాన్ని వాడుకోవడం రాలేదు. ఒక్కసారి వచ్చింది. అది చెప్పి ఊరుకుంటాను.

అప్పటికి నేను విశాఖ పాత టౌన్లో ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. మంగలి చెప్పిన మీసం వచ్చింది. కుట్టు దగ్గర మాత్రం వెంట్రుక మొలవక, మీసానికి లెవెల్ క్రాసింగు పడింది. గాజువాక బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ముందు సీట్లో ఒక ముసలావిడ, కిటికీ పక్కన స్కూలు యూనిఫాంలో, రెండు జడలకి రిబ్బన్లతో ఒక పిల్ల. పిల్ల పై పెదవి మీద నాకు బాగా తెలిసిన గీత. ముసలావిడ ఎవరో గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. ఆవిడకి నేను గుర్తు లేను. ఎదుటి సీటులో చంకలో గొడుగు పెట్టుకున్న ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి పిల్లని తేరిపార చూశాడు.

"ఏటి పాపా, పెదానికేటి? గ్రహణమా?"

పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అందులో బయట ఏమీ కనపడదు. 

ఆయన ముసలావిడ వైపు తిరిగాడు. "ఈ గుంట తల్లి మీ కోడలా, కూతురా? ఏటి కోసినాదేటి?"

"నా కూతురు ఏటీ కొయ్యనేదు నాయనా" అంది ఆదిలక్ష్మి అత్త, బస్సంతా వినేటట్టు. "సెయ్యి కదపనేదు, కాలు కదపనేదు. మా పాత క్వార్టర్లలో ఓ మొర్రోడుండీవోడు. గ్రహణం పూట ఆడి మొగం సూసీసింది. ఆడు కడుపులో ఉన్నప్పుడు ఆడి యమ్మ జిహ్వ ఆపుకోనేక గ్రహణం పూట ఆనపకాయ కోసుకు తిన్నాది. ఆ పాపం మా గుంటకి సుట్టుకున్నాది."

పిల్ల ఇంకా బయటికే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తన మొహం ఎవరో మొర్రోడిదనీ, ఎవరో దిక్కుమాలినదాని పాపమనీ ఆ పిల్ల ఎన్ని బస్సుల్లో విని ఉంటుందో. ఆ దిక్కుమాలినది ఆ సాయంత్రం నాకోసం ఇంట్లో అన్నం గిన్నె మీద తడిగుడ్డ కప్పుతూ ఉంటుంది. నిజం చెబుదామా అనుకున్నాను. కానీ నిజం ఆ బస్సులో ఎవరూ కొనే సరుకు కాదు. కాబట్టి వంగి, వీలైనంత మర్యాదగా అబద్ధం మొదలెట్టాను.

"గ్రహణం కాదండీ" అన్నాను పెద్దమనిషితో. "చూసినా రాదు. అడిగితే వస్తుంది."

"ఏటీ?"

"నాకూ మీలాగే శుభ్రమైన పెదవి ఉండేదండీ. ఇలాగే బస్సులో ఒకాయన్ని అడిగాను, గ్రహణమా అని. అడక్కు బాబూ, అడిగినవాళ్లకి వస్తుందని మొత్తుకున్నాడు. వినలేదు. ఇంటికెళ్లాక ఇక్కడ దురద మొదలైంది. తెల్లారి లేచి అద్దం చూసుకుంటే..." నేను మీసం పక్కకి తీసి చూపించాను. నా ముక్కుగొంతు జీవితంలో మొదటిసారి నా పక్షాన సాక్ష్యం చెప్పింది. "ఒక్కసారి అడిగితే పరవాలేదేమో లెండి. మీరు ఇప్పటిదాకా ఎంతమందిని అడిగారు?"

పెద్దమనిషి గొడుగు ఒళ్లోకి లాక్కున్నాడు. నాలుక పై పెదవి మీద ఒకసారి తిరిగింది. "ఇప్పుడు దురదగా ఉందా?" అని అడిగాను. సింధియా స్టాపు రాగానే గొడుగు పట్టుకుని లేచాడు. కండక్టరు, "బావూ, నీ టిక్కెట్టు గాజువాక్కి కాదేటి?" అంటే, రెండు పెదాలూ గట్టిగా బిగించి చెయ్యి ఊపుతూ దిగిపోయాడు.

పిల్ల కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోరంతా తెరిచి నవ్వింది. ఆదిలక్ష్మి అత్త నన్ను కింది నుంచి పైకి చూసింది. మొహం కాదు, గొంతు గుర్తొచ్చినట్టుంది.

"నువ్వు... నువ్వు ఆ గోదారోళ్ల గుంటడివి కాదేటి?"

"అవునత్తా. బాగున్నారా?" అని, పిల్ల వైపు తిరిగాను. "నువ్వు పుట్టినప్పుడు పాలు తాగడం రాకపోతే, నీకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టిందెవరో మీ అమ్మనడుగు. అది అడగొచ్చు. దానికేం రాదు."

తర్వాతి స్టాపు వచ్చింది, నాది కాదు. అయినా దిగడానికి అదే బాగుందనిపించింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, "మీరు ఎందర్నో అడిగారు, ఎందరికో చెప్పారు. ఇన్నాళ్లూ రాకపోవడం అదృష్టం అత్తా. వయసు మీద పడ్డాక తొందరగా వస్తుందంటారు. జాగ్రత్త" అన్నాను.

అబద్ధమని ఆవిడకి చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. రోడ్డు మీద నిలబడి బస్సు కదిలేదాకా చూశాను. కిటికీ కమ్మీల వెనక ఆదిలక్ష్మి అత్త చెయ్యి మెల్లగా లేచి పై పెదవి మీదికి వెళ్లింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి తడుముకుంది. మళ్లీ తడుముకుంది. పక్కన మనవరాలు వీధిని వదిలేసి, ఆవిడ మొహంలోకే కళ్లార్పకుండా చూస్తోంది.